వెటర్నరీ సీటుకూ నీటే రాయాల

అన్నలూ, బైపీసీ చదివే పిల్లలున్న ఇండ్లకు ఈ మాట. మదనపల్లె, పుంగనూరు, కుప్పం పక్క నేను మాట్లాడినోళ్లలో శానామంది ఎంసెట్ రాస్తే వెటర్నరీ సీటొస్తాదనే అనుకుంటా ఉండారు. రాదు. మన రాష్ట్రంలో బీవీఎస్సీకి ఇప్పుడు నీట్ ర్యాంకే చూస్తారు. ఆ పైన తిరుపతి పశువైద్య విశ్వవిద్యాలయానికి వేరేగా దరఖాస్తు పెట్టాల. రైతు కోటా ఉంది, పొలం కాగితాలు, పల్లె బడి స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే సర్దుకోండి.

నా బాధ ఇంకోటి. నీట్‌లో 720 మార్కులకు ఫిజిక్స్ 180. ఆవు ఈనేటప్పుడు దూడ తల మడతబడిందని చెయ్యి పెట్టి చెప్పగలిగే పిల్ల అక్కడ ఆగిపోతాది. ఆ నేర్పుకు ఒక్క మార్కూ లేదు. అట్లని పరీక్షను తిట్టుకుంటా కూచుంటే ఎట్ల? టెన్త్ అయిన ఎండాకాలంలోనే ఫిజిక్స్ పట్టించాల.

"ఎంబీబీఎస్ రాకపోతే చూద్దాంలే" అనేది కూడా మానండన్నా. ఇది ఐదున్నరేండ్ల చదువు. మనసు లేకుండా చదివినోడు రాత్రి పూట మన కొట్టంలోకి వస్తాడా?

మా పాప సాయంత్రం రెండావుల పాలు పిండేది. రేపట్నుంచి ఆ గంట ఫిజిక్సుకు. పాలు నేనే పిండుకుంటా.