ఎండ లెక్క కలిసి తేల్చండి

ఆంధ్రప్రదేశ్ ఉన్నత విద్యామండలి ఛైర్మన్ గారికి,

రాయలసీమలోని గని, శకునాల గ్రామాల దగ్గర 1,000 మెగావాట్ల సోలార్ పార్కు 2017 నుంచి నడుస్తోంది. నడిమధ్యాహ్నం దండిగా కరెంటు. పొద్దుగూకి ఇంటింటా లైట్లు వేసేసరికి సోలార్ పలకల నుంచి కరెంటు రాదు. వాటి దుమ్ము కడగాలంటే నీళ్లు కావాలి. వానలు తక్కువ పడే సీమలో ఆ నీళ్లెక్కడివి? బీడు కంచె లోపలికి పోతే కాపరి గొర్రెలను ఎటు తోలుకెళ్లాలి?

ఇంజినీరింగ్ అనంతపురం జేఎన్‌టీయూలో, సేద్యం ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ వర్సిటీలో, ఆర్థికశాస్త్రం శ్రీకృష్ణదేవరాయ వర్సిటీలో ఉన్నాయి. ఎవరికి వారు పరిశోధిస్తే ఈ ప్రశ్నలకు జవాబు దొరకదు.

ఈ విద్యాసంవత్సరంలోనే ఈ మూడింటితో ఉమ్మడి బృందం వేయండి. నీటి వాడకం, మేతభూమి, రాత్రికి కరెంటు నిల్వ, ఈ లెక్కలన్నీ కొత్త పార్కుకు భూమి అడగకముందే తెలుగులో గ్రామసభ ముందు పెట్టించండి.

— రాయలసీమ పౌరుడు