జనానికైతే నింద, అధికారికైతే మెప్పు

ఇంగ్లీషు వార్తల్లో ‘ఫ్రాంటిక్’ (తొందర, కంగారు నిండిన) అన్న విశేషణం కనపడని రోజుండదు. ఫ్రాంటిక్ కాల్స్, ఫ్రాంటిక్ సెర్చ్, ఫ్రాంటిక్ ఎఫర్ట్స్. బిడ్డ తప్పిపోయిన తల్లికీ అదే మాట, వరద గట్టు మీద ఇసుక బస్తాలు వేయిస్తున్న ఇంజనీరుకీ అదే మాట, గేటు దగ్గర ఇరుక్కుపోయిన భక్తులకీ అదే మాట. ఏజెన్సీ కాపీని తెలుగు చేసే డెస్కు మీదే నా ఉద్యోగమంతా గడిచింది. ఆ అనుభవంతో చెబుతున్నాను. ఈ మాట జనానికి తగిలిస్తే నింద అవుతుంది, అధికారులకు తగిలిస్తే మెప్పు అవుతుంది. రెండు చోట్లా పాఠకుడికి తెలియాల్సిన అసలు సంగతి మాత్రం మరుగున పడుతుంది.

తెలుగులోకి వచ్చేసరికి ఆ ఒక్క మాట రెండు పాయలుగా చీలుతుంది. ‘హుటాహుటిన తరలివెళ్లారు’, ‘ముమ్మరంగా గాలిస్తున్నారు’, ‘యుద్ధప్రాతిపదికన చేపట్టారు’ అన్నవి అధికారుల వాటా. ‘ఒక్కసారిగా ఎగబడ్డారు’, ‘తోసుకున్నారు’, ‘భయంతో పరుగులు తీశారు’ అన్నవి జనం వాటా. ఎవరూ పనిగట్టుకుని ఇలా పంచలేదు. ఎడిషన్ వదలాల్సిన వేళకి చేతికందే మాటలు ఇవే కాబట్టి అలా స్థిరపడిపోయాయి.

మాకు ఒక న్యూస్ ఎడిటర్ ఉండేవారు. కాపీలో ‘హుటాహుటిన’ కనిపిస్తే ఎర్ర సిరాతో సున్నా చుట్టి, పక్కన ‘టైం?’ అని రాసేవారు. ఒక రాత్రి మండలం నుంచి బావిలో పడిన పిల్లాడి వార్త వచ్చింది. అగ్నిమాపక సిబ్బంది హుటాహుటిన చేరుకుని బయటికి తీశారని ఉంది. ఆయన స్ట్రింగర్‌కి ఫోన్ కలపమన్నారు.

‘‘ఏమయ్యా, ఫైరింజన్ ఎన్నింటికొచ్చింది?’’

‘‘రెండు దాటింది సార్.’’

‘‘పిల్లాడు పడిందెప్పుడు?’’

‘‘పొద్దున తొమ్మిదిన్నర ప్రాంతంలో అంటున్నారు సార్.’’

‘‘ఊళ్లోవాళ్లు ఫోన్ చేసిందెప్పుడు?’’

‘‘అది కనుక్కోలేదు సార్. కనుక్కుని చెబుతాను.’’

కాసేపటికి మళ్లీ ఫోన్ వచ్చింది. పది గంటలకే పిలిచారట. దగ్గరి స్టేషన్‌లో బండి ఉంది కానీ డ్రైవరు లేడు. ఇంకో పట్టణం నుంచి బండి రావాల్సి వచ్చింది. ఈలోగా ఇద్దరు కుర్రాళ్లు నడుముకి తాళ్లు కట్టుకుని దిగారు, పిల్లాడి ఒళ్లు నీళ్ల మీద తేలేలా పట్టుకుని అక్కడే ఉన్నారు. మర్నాడు జిల్లా పేజీలో పిలిచిన వేళ, వచ్చిన వేళ, మధ్యలో ఆ కుర్రాళ్లు చేసిన పని అచ్చయ్యాయి. ఎవరినీ తిట్టలేదు, ఎవరినీ పొగడలేదు. డ్రైవరు ఎందుకు లేడని అడిగే అవకాశం మాత్రం ఆ ఊరివాళ్లకి దొరికింది. ‘హుటాహుటిన’ అని ఊరుకుంటే అది దొరికేది కాదు.

ఇక జనం సంగతికి వస్తాను. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే. ఇంగ్లీషులో ‘ఫ్రాంటిక్’ అన్న మాటకి ఒకప్పుడు అర్థం పిచ్చి పట్టడమే. మెదడు జ్వరాన్ని చెప్పే పాత గ్రీకు మాట నుంచి పుట్టింది. తొందర, కంగారు అన్న అర్థాలు తర్వాత వచ్చి చేరాయి. కానీ గుంపు పక్కన ఆ మాట వేసినప్పుడల్లా పాత వాసన కొంత తగులుతూనే ఉంటుంది. జనం వెర్రెత్తిపోయారు, ఒకరినొకరు తొక్కుకున్నారు, పోయారు అన్నట్టు చదివేవాడికి తోస్తుంది. పోయినవాళ్ల మీదే తప్పు పడుతుంది. వాళ్లు జవాబు చెప్పుకోలేరు.

దీనికి ఒక ఉదాహరణ చూడండి. 1989 ఏప్రిల్ 15న ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో, హిల్స్‌బరో స్టేడియంలో ఎఫ్ఏ కప్ ఫుట్‌బాల్ సెమీఫైనల్. బయట గేట్ల దగ్గర ఒత్తిడి పెరిగిందని మధ్యాహ్నం 2.52కి పోలీసులే ఒక పెద్ద గేటు తెరిపించారు. లోపలికి వచ్చినవాళ్లు ఎదురుగా కనిపించిన సొరంగంలోంచి నడిచి, అప్పటికే కిక్కిరిసిన కంచెల మధ్యకి చేరారు. ఆ సొరంగం మూయించాలని ఎవరికీ తోచలేదు. మొత్తం 97 మంది చనిపోయారు. కానీ అభిమానులే గేటు బద్దలుకొట్టారని ఆ రోజు పోలీసు కమాండర్ చెప్పాడు. నాలుగు రోజులకి ఒక లండన్ పత్రిక అభిమానుల మీద నీచమైన ఆరోపణలన్నీ మొదటి పేజీలో వేసింది. తప్పు అభిమానులది కాదని జ్యూరీ తేల్చింది 2016లో. అప్పటిదాకా 27 ఏళ్ల పాటు ఆ కుటుంబాలు బిడ్డల్ని పోగొట్టుకున్న దుఃఖంతో పాటు ఆ నిందనీ మోశాయి.

దక్షిణ కొరియా రాజధాని సోల్‌లోని ఇతెవాన్‌ది మరీ దగ్గరి ఉదాహరణ. 2022 అక్టోబరు 29 రాత్రి, సుమారు మూడు మీటర్ల వెడల్పున్న సందులో కిక్కిరిసిన జనం ఒత్తిడి వల్ల జరిగిన దుర్ఘటన 159 మందిని బలితీసుకుంది. ఒత్తిడి ప్రాణాంతకమైంది పదింబావు ప్రాంతంలో. అక్కడి పోలీసులు తర్వాత బయటపెట్టిన వివరాల ప్రకారం, జనం నలిగిపోయేలా ఉన్నారని మొదటి ఫోన్ సాయంత్రం 6.34కే వచ్చింది. పదింబావులోగా అలాంటివి 11 ఫోన్లు వచ్చాయి. వాటిలో నాలుగు ఫోన్లకి మాత్రమే మనుషుల్ని పంపారు. ఆ ఫోన్లని ‘ఫ్రాంటిక్ కాల్స్’ అని రాస్తే చదివేవాడికి కేకలూ గందరగోళమే గుర్తుంటాయి. 6.34 అని రాస్తే మూడున్నర గంటలు కళ్ల ముందు నిలుస్తాయి.

గుంపు ఎలా ప్రవర్తిస్తుందో చదివినవాళ్లు చాలాకాలంగా చెబుతున్నదీ ఇదే. అమెరికన్ ఇంజనీరు జాన్ ఫ్రూయిన్ 1993లోనే రాశాడు: చదరపు మీటరుకి ఏడుగురు చేరేసరికి జనం దాదాపు ద్రవంలా కదులుతారు. ఎవరి కాళ్లూ వారి అధీనంలో ఉండవు. వెనక ఒక చోట పుట్టిన ఒత్తిడి అలలా వచ్చి మనుషుల్ని మీటర్ల దూరం నెట్టేస్తుంది. చాలామంది తొక్కిసలాటలో కాళ్ల కింద పడి కాదు, నిలబడి ఉండగానే పోతారు. ఛాతీ విచ్చుకునే చోటు లేక ఊపిరాడదు. ముందువాళ్లు నలిగిపోతున్న సంగతి వెనకవాళ్లకి తెలియదు, వాళ్లు మామూలుగానే అడుగు ముందుకేస్తారు. ఇందులో పిచ్చీ లేదు, ఎగబడటమూ లేదు. దారి ఎంత వెడల్పు, లోపలికి ఎంతమందిని వదిలారు, ఎప్పుడు ఆపారు అన్న లెక్కే అంతా.

మన దగ్గర ఆ లెక్క ఎన్నిసార్లు తప్పిందో గోదావరి జిల్లాల వాళ్లకి చెప్పక్కర్లేదు. 2015 జులై 14న, పుష్కరాల తొలి రోజు, రాజమండ్రి పుష్కర ఘాట్‌లో 27 మంది పోయారు. అక్కడి జనంలో చాలామంది రాత్రి నుంచే వచ్చి కూర్చున్నవాళ్లు. అన్ని గంటలు ఓపికపట్టినవాళ్లని ‘ఎగబడ్డారు’ అనడానికి మనసెలా ఒప్పుతుంది? 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం వచ్చిన ఆరుగురు చనిపోయారు. ఒంట్లో బాగోలేని ఒకామెను బయటికి పంపడానికి గేటు తీస్తే, క్యూ వదిలారనుకుని జనం కదిలారని అప్పటి వార్తల్లోనే ఉంది. గేటు తీస్తే కదలడం మామూలు మనిషి చేసే పని. అదే ఏడాది నవంబరు 1న, కార్తీక ఏకాదశి నాడు, శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గ ఆలయంలో తొమ్మిది మంది పోయారు. వెళ్లేందుకూ వచ్చేందుకూ ఒకటే దారి అని తర్వాత తెలిసింది. వ్రతం చేసుకుని కొబ్బరికాయతో వచ్చిన ఆడవాళ్ల గురించి మనం ‘తోసుకున్నారు’ అని రాశాం. రాసినవాడికి ఆ గుడి మెట్ల వెడల్పు తెలుసా?

కంగారు అన్నది లేదని నేననడం లేదు. జాతరలో పిల్లాడి చెయ్యి జారిన తల్లి పడే కంగారుని కంగారనే రాయాలి. తెలంగాణలో ఆ తల్లి ఆగమాగం అయింది అంటారు, అంతకన్నా సరైన మాట లేదు. అది ఆమె ఒక్కతి గుండె లోపల జరుగుతున్నది, విలేకరి కళ్లారా చూసినది. వెయ్యిమంది గుండెల్లో ఏముందో డెస్కులో కూర్చున్న మాకెవరికీ తెలియదు. మాకు తెలిసే వీలున్నది గడియారం, గేటు, బ్యారికేడ్.

2027లో గోదావరికి మళ్లీ పుష్కరాలు. రెండు రాష్ట్రాల్లో ఘాట్ల పనులకి అంచనాలు, టెండర్లు, సమీక్షలు నడుస్తాయి. ఆ వార్తలు రాసే కుర్ర రిపోర్టర్లకి నా మాట ఒకటే. జనం రాకముందే ఘాట్‌కి వెళ్లి టేపుతో దారి కొలవండి. దిగే మెట్లూ ఎక్కే మెట్లూ వేరేనా చూడండి. ఏ గేటు ఎవరి ఆజ్ఞతో తెరుస్తారో, ఎంతమంది నిండితే మూస్తారో ముందే రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. కంట్రోల్ రూమ్‌కి ఫోన్ ఎప్పుడొచ్చింది, మనిషి ఎప్పుడు బయల్దేరాడు అన్న రిజిస్టరు చూపించమనండి. చూపించకపోతే 2005 నుంచీ సమాచార హక్కు చట్టం ఉంది, దరఖాస్తు పెట్టండి. ఏదో జరిగాక ఆరు నెలలకి పెట్టేది కాదు, తొలి స్నానం రోజు సాయంత్రమే పెట్టండి.