లెహిస్తాన్ రాయబారి ఇంకా రాలేదు

ఇస్తాంబుల్‌లో సుల్తాన్ కొలువు. విదేశీ రాయబారులంతా వచ్చి నిలబడ్డారు. ‘లెహిస్తాన్ రాయబారి ఏడీ?’ అని పిలుపు. ‘దారిలో ఉన్నారు ప్రభూ, ప్రయాణంలో ఆలస్యమైంది’ అని జవాబు. లెహిస్తాన్ అంటే పోలాండ్. 1795 నాటికి రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా పంచుకుని పటం మీద లేకుండా చేసిన దేశం. లేని దేశపు రాయబారిని ఏళ్ల తరబడి అలా పిలిచేవారట. చరిత్రకారులు దీన్ని కట్టుకథగానే చూస్తారు. అయినా టర్కీ, పోలాండ్ నేతలు కలిసినప్పుడు ఈ కథ తలచుకుంటూనే ఉంటారు.

నిజానికి వీరు తరాల తరబడి కత్తులు దూసుకున్నవారు. 1444లో వర్నా యుద్ధంలో పోలాండ్ యువరాజు కాదు, సాక్షాత్తూ రాజే కూలిపోయాడు. 1533లో శాశ్వత శాంతి ఒప్పందం రాసుకున్నా పోరు ఆగలేదు. 1683లో వియన్నాను ముట్టడించిన ఒట్టోమన్ (నాటి టర్కీ) సేనను తరిమికొట్టింది పోలాండ్ రాజు సొబియెస్కి. తర్వాత ఇద్దరూ నీరసించారు, రష్యా బలిసింది. పోలాండ్‌లోని రష్యా సైన్యం వెనక్కి పోవాలని పట్టుబట్టి సుల్తాన్ 1768లో యుద్ధం ప్రకటించాడు. అందులో ప్రేమ కంటే భయమే ఎక్కువ. పోలాండ్ పడిపోతే రష్యా తన గుమ్మంలోకి వస్తుందన్న భయం. ఆ యుద్ధం సాగుతుండగానే, 1772లో, పోలాండ్ మొదటి పంపకం జరిగిపోయింది.

శత్రువు శత్రువు మిత్రుడు, అంతే కదా అనవచ్చు. 1849 దగ్గర ఆ లెక్క నాకు సరిపోదు. ఆస్ట్రియాపై హంగరీ తిరుగుబాటును రష్యా సేనలు అణిచేశాక, అందులో పోరాడిన పోలిష్ సేనాని యూజెఫ్ బెమ్, ఆయన సహచరులు ఒట్టోమన్ నేలపైకి చేరారు. వాళ్లను అప్పగించమని రష్యా జార్, ఆస్ట్రియా చక్రవర్తి గద్దించారు. సుల్తాన్ అబ్దుల్ మెజీద్ ఒప్పుకోలేదు. బ్రిటన్, ఫ్రాన్స్ యుద్ధనౌకలు అండగా కదిలిన మాట నిజమే, కానీ అవి కదలకముందే ఆయన కాదన్నాడు. ఇల్లూ వాకిలీ లేని కొద్దిమంది కోసం రెండు సామ్రాజ్యాలతో యుద్ధానికి తెగించాడు. బెమ్ ఇస్లాం స్వీకరించి మురాద్ పాషా అయ్యాడు, మరుసటి ఏడాది అలెప్పోలో కన్నుమూశాడు. ఇస్తాంబుల్ శివారులో 1842లో పోలిష్ శరణార్థులు కట్టుకున్న పొలొనెజ్‌కోయ్ అనే పల్లె నేటికీ ఉంది. అక్కడ చర్చి ఉంది, చెర్రీ చెట్లున్నాయి, సమాధుల మీద పోలిష్ పేర్లున్నాయి.

మళ్లీ స్వతంత్రమైన పోలాండ్ 1923 జులై 23న, కొత్త టర్కీని ప్రపంచం గుర్తించిన లోజాన్ సంధికి సరిగ్గా ఒకరోజు ముందు, ఆ టర్కీతో మైత్రీ ఒప్పందం చేసుకుంది. పదహారేళ్లకు హిట్లర్, స్టాలిన్ ఆ దేశాన్ని మళ్లీ పంచుకున్నారు. అప్పుడు టర్కీ తటస్థంగా ఉండిపోయింది. జర్మనీకి క్రోమియం ఖనిజం కూడా అమ్మింది, 1944 ఏప్రిల్ దాకా ఆపలేదు. ఆ ఖనిజం ఎవరి మీదకు పోయే ఆయుధాల్లో కలిసిందో తెలిసినవాళ్లకు దాన్ని మరచిపోవడం కష్టం. అదే టర్కీ, జర్మనీ ఎంత ఒత్తిడి తెచ్చినా, అంకారాలోని పోలాండ్ రాయబార కార్యాలయాన్ని మాత్రం మూయించలేదు. యుద్ధం ముగిసేదాకా అక్కడ పోలాండ్ రాయబారి ఉన్నాడు.