ఒక్క మెతుకు చాలదు

టర్కీలో ఏజియన్ తీరానికి దగ్గరున్న ఐదిన్ ప్రాంతంలో అంజీర్ పండు చెట్టు మీదే సగం ఎండి, దానంతటదే నేల రాలుతుంది. ఏరి ఎండబెట్టి ప్యాకింగ్ శాలలకు పంపుతారు. అక్కడ చీకటి గదుల్లో పనివారు అతినీలలోహిత దీపాల కింద కూర్చుని, పసుపు కలిసిన ఆకుపచ్చగా మెరిసే పండ్లను చేత్తో ఏరి పక్కన పడేస్తారు. వారి ఓపికకు మనం రుణపడి ఉన్నాం. వారు వెతికేది బూజు తయారుచేసే అఫ్లటాక్సిన్ అనే విషం కోసం. అయితే ఆ మెరుపు అఫ్లటాక్సిన్‌ది కాదు, అదే బూజు తయారుచేసే కోజిక్ ఆమ్లం వల్ల వచ్చేది. కాబట్టి మెరవని పండంతా మంచిదనీ చెప్పలేం, మెరిసిందంతా విషమనీ చెప్పలేం.

అది తేల్చే పని ప్రయోగశాలది. పండ్లను నీటితో కలిపి మెత్తగా రుబ్బుతారు. అందులోని విషాన్ని మిథనాల్ వంటి ద్రావణంతో బయటికి లాగి, ప్రతిరక్షకాలు నింపిన చిన్న గొట్టం గుండా పోనిస్తారు. అవి అఫ్లటాక్సిన్‌ను మాత్రమే పట్టుకుంటాయి, చక్కెర, రంగు జారిపోతాయి. పట్టుబడినదాన్ని విడిపించి, పదార్థాలను వేరుచేసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రంలో కొలుస్తారు. తినడానికి సిద్ధమైన ఎండు అంజీర్‌కు అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ పెట్టిన హద్దు కిలోకు 10 మైక్రోగ్రాములు, అంటే పది కోట్ల పాళ్లలో ఒక పాలు. అంత సూక్ష్మాన్ని కూడా యంత్రం పట్టేస్తుంది.

చిక్కు యంత్రంలో లేదు, దాని ముందు పెట్టే నమూనాలో ఉంది. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే తెలుస్తుంది. అంజీర్‌కు ఆ లెక్క చెల్లదు. ఒక పండులో విషం నిండి ఉండవచ్చు, దాన్ని ఆనుకున్న పండు పూర్తిగా శుభ్రంగా ఉండవచ్చు. అందుకే ఐరోపా నిబంధనలు పెద్ద సరుకులో వంద చోట్ల నుంచి కొద్దికొద్దిగా తీసి, 30 కిలోలు పోగుచేసి పరీక్షించమంటాయి. ఈ విద్యలో అసలు నిజాయితీ ఇక్కడే ఉందని నా నమ్మకం.

నిజానికి అఫ్లటాక్సిన్ కథ మొదలైంది అంజీర్‌తో కాదు, వేరుశనగతో. 1960లో ఇంగ్లండ్‌లో బూజు పట్టిన వేరుశనగ పిండి మేతగా తిన్న టర్కీ కోళ్లు లక్షకు పైగా చనిపోయాయి. అఫ్లటాక్సిన్ కాలేయ క్యాన్సర్ కారకమని తరవాత రుజువైంది. వేరుశనగ పండించే మనకు ఇది పరాయి సంగతి కాదు. పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, అఫ్లటాక్సిన్‌ను ప్రతిరక్షకాలతో గుర్తించే ఎలిసా పరీక్షను తక్కువ ఖర్చుతో చేయగలిగేలా రూపొందించింది కూడా.

హైదరాబాద్ బేగంబజార్‌లో విడిగా అమ్మే అంజీర్, కిస్‌మిస్ మన పిల్లల చేతికి చేరుతున్నాయి. బస్తా పైనుంచి గుప్పెడు తీసి పరీక్షించామనిపించుకోవడం కాదు, సరుకంతటి నుంచీ నమూనా తీయాలి, ఫలితాన్ని ప్రజలకు చెప్పాలి. ఆహార భద్రత అధికారులను మనం అడగాల్సింది ఇదే. ఈలోగా అంజీర్‌ను చీల్చి చూసి పిల్లలకు పెట్టండి. లోపల నల్లటి, పచ్చటి పొడి కనబడితే పారేయండి. వంటింటి వేడికి ఆ విషం పోదు.