ముందు పదిమందితో.. తర్వాతే అందరితో!

2025 ఏప్రిల్‌లో భూభారతిని తెచ్చినప్పుడు ప్రభుత్వం ఒకేసారి రాష్ట్రమంతా అమలు చేయలేదు. ముందు నాలుగు మండలాలను పైలట్‌గా ఎంచుకుంది. అందులో మన ఉమ్మడి పాలమూరులోని మద్దూరు ఒకటి. జూన్‌లో రాష్ట్రమంతటా రెవెన్యూ సదస్సులు పెట్టింది. చట్టం మంచిచెడ్డలు వేరే చర్చ. ముందు కొద్దిచోట్ల చూసి, తర్వాత అందరికీ ఇవ్వడమనే పద్ధతి మాత్రం ఉద్యోగం వెతుక్కుంటున్న మీకు పనికొస్తుంది.

ఎలాగంటారా? ఆఫీసు ఈమెయిల్ సాఫ్ట్‌వేర్ మార్చడాన్నే తీసుకోండి. కేంద్ర ప్రభుత్వం దాదాపు 12 లక్షల మంది ఉద్యోగుల మెయిల్‌ను జోహో వేదికకు మార్చింది. రేపు మీరు చేరే ఆఫీసు చిన్నదే కావచ్చు, అక్కడా ఇలాంటి మార్పు రావచ్చు. ‘శనివారం రాత్రి మార్చేద్దాం, సోమవారానికి అందరూ అలవాటు పడతారు’ అనే బాస్ కూడా ఉంటారు. అప్పుడు ‘సార్, ముందు పదిమందితో రెండు వారాలు చూద్దాం’ అనగలగాలి. అది ఆలస్యం కాదు, జాగ్రత్త.

ఆ పదిమంది ఎవరన్నదే అసలు విషయం. చాలాచోట్ల కంప్యూటర్ బాగా వచ్చినవాళ్లనే తీసుకుంటారు. వాళ్లకు ఏ సాఫ్ట్‌వేరైనా నడుస్తుంది! రోజూ బిల్లులు పంపే అకౌంట్స్ ఆయన, సిగ్నల్ సరిగా అందని ఊళ్లో ఫోన్‌లోనే మెయిల్ చూసే ఫీల్డ్ ఉద్యోగి, ‘పాతదే బాగుంది’ అనే సీనియర్ మేడం ఉండాలి. లోపాలు బయటపడేది వాళ్ల దగ్గరే.

పాత మెయిల్స్, ఫోల్డర్లు, కాంటాక్టులు అన్నీ వచ్చాయా? పెద్ద అటాచ్‌మెంట్ వెళ్తోందా? తెలుగులో రాసిన సబ్జెక్ట్ సరిగా కనిపిస్తోందా? బయటివాళ్లకు మన మెయిల్ స్పామ్‌లో పడుతోందా? రోజూ రాసిపెట్టుకోండి. ఏ సమస్య వస్తే ఆపేయాలో, పాతదానికి ఎలా తిరిగి వెళ్లాలో మొదలుపెట్టకముందే తేల్చుకోండి. ఆపే వీలు లేనిది పైలట్ కాదు, పేరుకు ట్రయల్ మాత్రమే.

ఇది మీ సమస్య కూడా. ఫైనలియర్‌లో ఉండగా కాలేజీ మెయిల్ మారిందనుకోండి. కంపెనీలకు మీరిచ్చింది పాత అడ్రస్. కాల్ లెటర్ రాలేదని తెలిసేలోపు ఇంటర్వ్యూ తేదీ దాటిపోతుంది. అందుకే కాలేజీలో ఇలాంటి మార్పు వస్తే పైలట్‌లో విద్యార్థులనూ చేర్చమని అడగండి. పాత అడ్రస్‌కు వచ్చే మెయిల్స్ కొన్ని నెలలు కొత్తదానికి ఫార్వర్డ్ చేయమనండి.

నల్లగొండ, మహబూబ్‌నగర్‌లలో 2023లోనే ఐటీ టవర్లు వచ్చాయి. అక్కడైనా, హైదరాబాద్‌లోనైనా రెజ్యూమెలో ‘ఎంఎస్ ఆఫీస్ వచ్చు’ అని అందరూ రాస్తారు. ‘పదిహేనుమందితో పైలట్ నడిపాను, ఈ నాలుగు లోపాలు పట్టుకున్నాను’ అని ఎంతమంది రాయగలరు? కాలేజీ క్లబ్బులోనో, ఇంటర్న్‌షిప్‌లోనో ఒక్కసారి చేసి చూడండి. ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి మీదంటూ ఓ అనుభవం ఉంటుంది.