యంత్రలోకం: తీసివేతల లెక్క

కారు వేగంగా పరుగెత్తాలంటే రెండు మార్గాలున్నాయి. ఇంజను శక్తిని పెంచడం ఒకటి, కారు బరువును తగ్గించడం రెండవది. మొదటిది డబ్బుతోను, పాండిత్యంతోను కూడిన పని. రెండవది స్పానరు, రంపము ఉన్న ప్రతివారికీ చేతికందినట్లు కనిపించే పని. 1,000 కిలోల బరువు, 100 అశ్వశక్తి గల కారులో ఒక్కొక్క అశ్వశక్తి 10 కిలోలను లాగవలసి ఉంటుంది. ఆ కారునుండి 100 కిలోలు తీసివేసినచో ఆ భారం 9 కిలోలకు దిగుతుంది. ఇంజనును ముట్టుకోకుండానే సుమారు 11 అశ్వశక్తులు అదనంగా లభించినట్లే! అదీగాక, పెంచిన శక్తి ముందుకు దూకడానికి మాత్రమే ఉపకరిస్తుంది. తగ్గిన బరువు బ్రేకు వేసినప్పుడూ, మలుపు తిరిగినప్పుడూ కూడా మేలు చేస్తుంది. కనుకనే పందెపు కార్ల చరిత్ర చాలవరకు తీసివేతల చరిత్రగానే సాగింది.

ఇందులో నిరపాయకరమైన తీసివేతలు లేకపోలేదు. 1965లో ఇటలీకి చెందిన ఆల్ఫా రోమియో సంస్థ ‘జి.టి.ఎ.’ అనే కారును విడుదల చేసింది. చివరి అక్షరం ‘అలెజెరీటా’ అనే ఇటాలియన్ మాటకు సంకేతం. తేలిక చేయబడినది అని దానికి అర్థం. పైరేకులను ఉక్కుకు బదులు అల్యూమినియంతో చేయడంవలన ఆ కారు బరువు 745 కిలోలకు దిగింది. 1972లో వెలువడిన పోర్షే 911 కారెరా ఆర్.ఎస్. కారులో పలుచని రేకు, పలుచని అద్దాలు వాడారు. వెనుక సీట్లను తొలగించారు. తేలిక రకంలో గడియారాన్ని సైతం వదలలేదు. గడియారం ఎంత తూగుతుందని పాఠకులు నవ్వుకోవచ్చు. పిసినారి ఇల్లాలి ఇంట చింతపండు గింజ కూడా లెక్కకు వస్తుంది కదా! ఏమైనా, ఈ రెండు కార్లలోనూ మారినది చర్మము, పోయినవి ఆభరణాలు. అస్థిపంజరం యథాతథంగా ఉన్నది.

అస్థిపంజరం మీదకే రంపం వెళ్లిన ఉదాహరణ కావాలంటే అమెరికాకు వెళ్లవలసి ఉంటుంది. నిలుచున్న చోటినుండి బయలుదేరి పావు మైలు, అనగా సుమారు 402 మీటర్ల దూరాన్ని ఎవరు ముందుగా దాటుతారో తేల్చుకునే డ్రాగ్ పందేలు అక్కడ ప్రసిద్ధం. జనరల్ మోటార్స్‌కు చెందిన పాంటియాక్ విభాగం 1963 నమూనా కాటలీనా అనే భారీ కారును ఈ పందేల కొరకు తేలిక చేయ సంకల్పించింది. ముందుభాగపు రేకులను అల్యూమినియంతో చేసింది. అదీ చాలలేదు. చివరకు కారు మొత్తాన్ని మోసే ఉక్కు చట్రం మీద కన్ను పడింది. పెట్టె ఆకారంలో ఉన్న చట్రపు దూలాలకు లోపలి గోడను కోసివేసి, మిగిలినదానికి వందకు పైగా పెద్ద రంధ్రాలు తొలిచారు. రంధ్రాలమయమైన స్విస్ చీజ్ పేరిట ఆ కార్లకు ముద్దుపేరు స్థిరపడింది. మన ఇళ్లలోనైతే జల్లెడ అనేవారు. 1963 జనవరిలోనే జనరల్ మోటార్స్ తన విభాగాలన్నీ పందేలనుండి తప్పుకోవాలని ఆదేశించడంతో తయారైనవి 14 కార్లే.

రంధ్రాలు చేసిన ఇంజనీర్లు తెలివితక్కువవారు కారు. భారానికి వంగే దూలంలో పై అంచు నొక్కుకుంటుంది, క్రింది అంచు సాగుతుంది. నడిమి భాగానికి ఆ రెండు శ్రమలూ స్వల్పం. అందువలన నడిమిలో లోహాన్ని తీసివేసినా దూలం చాలవరకు నిలబడుతుంది. షెడ్ల పైకప్పులను మోసే దూలాలలో వరుసగా ఆరుపలకల రంధ్రాలుండడం మనలో చాలామంది చూసినదే. అయితే రంధ్రపు అంచు సంగతి వేరు. సాగే పలకలో గుండ్రని రంధ్రం చేసినప్పుడు దాని అంచున ఒత్తిడి పలకలోని సగటుకు మూడు రెట్లు ఉంటుందని జర్మన్ ఇంజనీరు కిర్ష్ 1898లోనే గణితం ద్వారా చూపారు. తిన్నని బాటపై కొద్ది సెకన్లు పరుగెత్తే పందెపు కారుకు అది పెద్ద బాధ కాదు. ఏళ్ల తరబడి గతుకుల రోడ్డు మీద లక్షలసార్లు అదిరే కారుకు ఆ అంచే బీట మొదలయ్యే చోటు.

కోసివేసిన లోపలి గోడ విషయం ఇంకా ముఖ్యం. దీనికి ఇంట్లో పిల్లలతో చేయించదగిన ప్రయోగం ఒకటున్నది. ఒక దళసరి కాగితాన్ని గొట్టంలా చుట్టి, అంచును నిలువునా జిగురుతో అతికించండి. ఆరిన తరువాత రెండు చివరలా పట్టుకుని మెలిపెట్టి చూడండి. సులభంగా లొంగదు. ఇప్పుడు కత్తెరతో ఈ చివరనుండి ఆ చివరకు ఒకే ఒక గాటు పెట్టండి. కాగితం బరువు ఏమాత్రం తగ్గలేదు. కాని మెలిపెడితే రెండు వేళ్లకే తిరిగిపోతుంది. ఆ బలం కాగితంలో ఎంత ఉన్నదో, గొట్టం మూసి ఉండడంలో అంతకు మించి ఉన్నది. కారు విషయంలోనూ అంతే. ఒక చక్రం గతుకులో పడి, మిగిలిన మూడు సమతలం మీద ఉన్నప్పుడు కారు దేహం మెలిపడుతుంది. మెలి ఎక్కువైతే చక్రాలు నేలను తాకే కోణాలు మారిపోయి, కారు చోదకుని మాట వినదు. బరువు తగ్గించి వేగం పెంచుకోబోయినవాడు మలుపుల వద్ద వెనుకబడిపోతాడు. పైకప్పు తొలగించి అమ్మే కార్లు పైకప్పున్న అదే రకం కార్లకంటె సాధారణంగా ఎక్కువ బరువు తూగడంలోని రహస్యం ఇదే. కప్పు పోయినందున తగ్గిన దృఢత్వాన్ని పూడ్చడానికి తయారీదారులు తలుపుల క్రిందా, నేలభాగంలోనూ అదనపు ఉక్కు జోడిస్తారు.

మరి చట్రాన్ని మొత్తంగా తొలగించి కూడా గెలిచినవారు లేరా? ఉన్నారు. బ్రిటన్‌లోని లోటస్ సంస్థ అధిపతి కాలిన్ చాప్‌మన్ 1962లో లోటస్ 25 అనే పందెపు కారును బరిలోకి దించారు. అంతవరకు వాడుకలో ఉన్న గొట్టాల చట్రం అందులో లేదు. అల్యూమినియం రేకుతో చేసిన తొట్టె వంటి దేహమే చట్రం. అదే సంస్థ గొట్టాల చట్రంతో చేసిన లోటస్ 24తో పోలిస్తే దాని బరువు సగం, దృఢత్వం మూడు రెట్లు. 1963లో జిమ్ క్లార్క్ ఆ కారుతోనే ఏడు పందేలు గెలిచి ప్రపంచ విజేత అయ్యారు. చాప్‌మన్ చట్రాన్ని తీసివేశారే కాని చట్రం చేసే పనిని తీసివేయలేదు. మన కార్యాలయ భాషలో చెప్పాలంటే, పోస్టును రద్దు చేయడానికి ముందే బాధ్యతల బదిలీ ఉత్తర్వు జారీ చేశారు.

అదే చాప్‌మన్ కార్లు మరొక పాఠం కూడా నేర్పాయి. 1969 మే 4న బార్సిలోనాలో జరిగిన స్పానిష్ గ్రాండ్ ప్రీలో రెండు లోటస్ 49 కార్లు పాల్గొన్నాయి. కారును నేలకు అదిమిపట్టడానికి వాటికి సన్నని ఊతకర్రలపై ఎత్తుగా రెక్కలు అమర్చారు. ముందుగా గ్రాహం హిల్ కారు రెక్క కూలి, కారు అడ్డుగోడను ఢీకొన్నది. కొద్ది చుట్ల తరువాత అదే చోట యోఖెన్ రింట్ కారు రెక్కా కూలింది. రింట్ ముఖానికి గాయాలయ్యాయి. ఆ మరుసటి వారంలో ఆయన చాప్‌మన్‌కు ఒక ఉత్తరం వ్రాశారు. మీ కార్లు ఎంత వేగమైనవంటే, బలహీనమైన భాగాలకు కొద్దిపాటి బరువు జోడించినా మనమే ముందుంటాము, ఆ పని చేయండి అన్నది దాని సారాంశం. 1970 సెప్టెంబరు 5న ఇటలీలోని మోంజాలో జరిగిన అభ్యాసంలో రింట్ మరణించారు. అప్పటికి ఆయన వయస్సు 28 సంవత్సరాలు. ఆయన నడిపిన లోటస్ 72 కారులో, చక్రాల వద్ద బరువు తగ్గించడానికై ముందు బ్రేకులను చక్రాలనుండి తీసి దేహంలో అమర్చి, నడుమ ఇరుసులు వేశారు. కుడివైపు ఇరుసు విరిగింది. రోడ్డు ప్రక్కన సరిగా అమర్చని ఇనుప కంచె ఆయన ప్రాణం తీసింది. అప్పటికే సంపాదించిన పాయింట్లను ఎవరూ దాటలేకపోవడంతో ఆ ఏటి ప్రపంచ విజేతగా ఆయననే ప్రకటించారు. మరణానంతరం ఆ గౌరవం పొందిన చోదకుడు ఫార్ములా వన్‌లో నేటికీ మరొకరు లేరు.

పోర్షేవారి జాగ్రత్త ఇంకొక తీరు. 1969లో వచ్చిన వారి 917 కారు గొట్టాల చట్రం సుమారు 42 కిలోలే. అంత పలుచని గొట్టాలు అతుకుల వద్ద బీటవారవచ్చునని వారికి తెలుసు. అందువలన గొట్టాలలోకి పీడనంతో వాయువును నింపి, దానికి ఒక మీటరు పెట్టారు. ముల్లు పడిపోయినదంటే ఎక్కడో బీట పుట్టినదని అర్థం. బరువు తీసివేసినచోట నిఘా పెట్టడమంటే ఇదే. మా మట్టుకు మాకు ఆ కారు సాధించిన విజయాలన్నిటికంటె ఆ చిన్న మీటరే ముచ్చట గొలుపుతుంది.

ఇంతకూ ఈ అంశాన్ని ఎత్తుకోవడానికి ఒక కారణమున్నది. మా సహోద్యోగి ఒకరి కుమారుడు, ఇంజనీరింగు విద్యార్థి, మిత్రులతో కలిసి పాత చిన్న కారునొకదానిని కొన్నాడు. పోటీలలోనూ, రోడ్డు మీదా కూడా దానినే నడపాలని ఉద్దేశం. వెనుక సీట్లు, తివాచీలు తీసివేసిన తరువాత బంపరు వెనుక ఉండే ఉక్కు దూలాన్ని విప్పాడు. తరువాత వంతు తలుపుల లోపలి దూలాలది. తీసి నడిపి చూశాను, ఏ తేడా లేదు అని తండ్రితో వాదించాడట.

తేడా తెలియకపోవడం నిజమే. సస్పెన్షన్ పట్టీ రోజూ పనిచేస్తుంది కనుక తీసివేసిన రోజే మొరపెట్టుకుంటుంది. బంపరు దూలం అలా కాదు. దాని జీవితకాలపు ఉద్యోగమంతా ఒక సెకనులో పదోవంతు. అది కారు ముక్కునుండి వెనుకకు సాగే రెండు నిలువు దూలాలను కలుపుతుంది. ప్రమాదాలలో కారు ముందుభాగమంతా ఒకేసారి తగలడం అరుదు, సాధారణంగా ఒక ప్రక్కే తగులుతుంది. మన దేశంలో 2017 అక్టోబరునుండి కొత్త నమూనాలకు విధించిన పరీక్షలోనూ గంటకు 56 కిలోమీటర్ల వేగంతో ముందుభాగంలో 40 శాతమే అడ్డుకు తగులుతుంది. అప్పుడు తగిలిన ప్రక్క దెబ్బలో కొంత రెండవ ప్రక్కకు అందించేది ఆ దూలమే. అది లేనప్పుడు ఒక్క నిలువు దూలమే అంతా భరించాలి. ఇక ప్రక్కనుండి వచ్చే దెబ్బకు, కూర్చున్న మనిషికి మధ్య ఉన్నది జానెడు చోటు. ఆ జానెడులో ఉన్న గట్టి వస్తువు తలుపు దూలం ఒక్కటే.

పందెపు కార్లలో ఇవన్నీ తీసేస్తారు కదా అని ఆ అబ్బాయి అడిగాడు. తీసేస్తారు, కాని లోపల ఉక్కు గొట్టాల పంజరాన్ని వెల్డింగు చేస్తారు. చోదకుడు హెల్మెట్టు ధరించి, భుజాలను, నడుమును బిగించే పట్టీలతో సీటుకు కట్టుబడి ఉంటాడు. అదే పంజరాన్ని బజారుకు వెళ్లే కారులో పెడితే, హెల్మెట్టు లేని తలకు ఆ గొట్టమే గండం. చట్టమూ ఉన్నది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా యజమాని వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నిబంధననే ధ్రువపరచింది.

మేము ఆ అబ్బాయికి చెప్పినది ఒక్కటే: విప్పిన దూలాన్ని, డిక్కీలో ఉన్న సామానును విడివిడిగా తూకం వేసి చూడమన్నాము. పాత జాకీలు రెండు, సగం ఖాళీ అయిన ఆయిలు డబ్బాలు, ఎవరో మరచిపోయిన క్రికెట్ సంచి, ఒక ఇటుక బయటపడ్డాయి. దూలంకంటె అవే ఎక్కువ తూగాయి. దూలాన్ని తిరిగి బిగించారు. బోల్టులు మాత్రం కొత్తవి వేయించమన్నాము.