రిసీవరు పోయిందా? పోయింది రిసీవరేనా?

మొన్న దసరా సెలవల్లో మా ఇంట్లో హోం థియేటర్ రిసీవరు మూగబోయింది. పన్నెండేళ్ళ నాటి 5.1 సరుకు. టీవీలో బొమ్మ రాదు, స్పీకర్లలో చప్పుడు లేదు. "దాని ఆయుష్షు తీరింది, కొత్తది కొనెయ్" అంటూ మా టీంలో ప్రతివాడూ ఓ మోడల్ నంబరు చేతిలో పెట్టాడు. నేనూ బుద్ధిమంతుడిలా తలూపి షోరూంకి వెళ్ళాను. వెళ్ళొచ్చిన కడుపుమంటే ఇది.

"సార్, తొమ్మిది ఛానళ్ళు, ఛానల్‌కి నూట నలభై వాట్లు, ఎయిట్-కే కూడా పాస్ అవుతుంది" అన్నాడు సేల్స్ కుర్రాడు. మా హాలు పన్నెండడుగులు బై పదహారు బాబూ అన్నాను. "ఫ్యూచర్ ప్రూఫ్ సార్!" అన్నాడు. ఈ మాట వింటే నాకు నవ్వాగదు. మనం రాసిన కోడ్ వచ్చే రిలీజు దాకా నిలబడితే గొప్ప. వీళ్ళ డబ్బా మాత్రం భవిష్యత్తు మొత్తాన్నీ కాచుకుంటుందిట!

ముందు ఈ వాట్ల సంగతి చూద్దాం. చిన్నప్పుడు టేపురికార్డర్ల మీద "పీఎంపీఓ 1000 వాట్స్" అని మెరిసే స్టిక్కరుండేది, గుర్తుందా? ఆ అబద్ధం చావలేదండీ, సూటు తొడుక్కుందంతే. బ్రోషరు అడుగున చీమ తలకాయంత అక్షరాలు చదవండి. ఆ నూట నలభై అన్నది ఒక్క ఛానలే నడుస్తున్నప్పుడు, 6 ఓముల దగ్గర, ఒకే ఒక్క ఫ్రీక్వెన్సీలో, 10 శాతం డిస్టార్షన్‌తో! అన్ని ఛానళ్ళూ ఒకేసారి పనిచేస్తే అందులో ఎంత మిగులుతుందో వాడు చెప్పడు. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఈ వాట్ల గోలకి 1974లోనే రూలు పెట్టింది. 2024లో దాన్ని మళ్ళీ బిగించింది. యాభై ఏళ్ళ తర్వాత కూడా బిగించాల్సొచ్చిందంటే ఈ రోగం ఎంత పాతదో చూడండి.

పోనీ నిజం వాట్లే అనుకుందాం. 80 వాట్ల దాని బదులు 100 వాట్లది కొంటే పెరిగేది ఒక్క డెసిబెల్ కూడా కాదు. మన చెవికి రెట్టింపు చప్పుడు అనిపించాలంటే దాదాపు పదింతల పవరు కావాలి. లాగరిథమ్స్ చదువుకుని, పరీక్షలు రాసి, ఉద్యోగాలు తెచ్చుకున్న మనమే ఇరవై వాట్లకి పాతికవేలు ఎక్కువ ఇచ్చి వస్తున్నాం.

ఇక అసలు మోసం హెచ్‌డీఎంఐ. రిసీవర్లో ఆంప్లిఫయర్ భాగం అంటే ట్రాన్స్‌ఫార్మరు, హీట్ సింకు, ట్రాన్సిస్టర్లు. గాలి ఆడేలా పెడితే ఇరవయ్యేళ్ళు తేలిగ్గా పనిచేస్తుంది. అదే పెట్టెలో దాని నెత్తిన హెచ్‌డీఎంఐ బోర్డు కూర్చుంటుంది. 2009లో 1.4, 2013లో 2.0, 2017లో 2.1... నాలుగేళ్ళకోసారి వెర్షన్ మారిపోయింది. ఇరవయ్యేళ్ళ సరుకుని నాలుగేళ్ళ సరుకుతో కలిపి ఒకే డబ్బాలో బిగించడం! ఇంటర్వ్యూలో ఓ ఫ్రెషరు ఇలాంటి డిజైన్ గీస్తే "టైట్ కప్లింగ్ బాబూ" అని క్లాసు పీకుతాం. షోరూంలో మాత్రం నోరు మూసుకుని కార్డు గీకుతాం.

నేనూ గీకేవాణ్ణే. కానీ ఇంటికొచ్చి ఊరికే ఎఫ్ఎం పెట్టి చూశాను. అయిదు స్పీకర్లూ శుభ్రంగా పాడాయి! అంటే పోయింది హెచ్‌డీఎంఐ బోర్డు మాత్రమే. సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేస్తే "ఆ బోర్డు రాదు సార్, ఎక్స్‌ఛేంజ్‌లో కొత్తది తీసుకోండి" అన్నారు. సరేనని కోఠీ గుజరాతీ గల్లీకెళ్ళి మూడొందలు పెట్టి ఆప్టికల్ వైరు కొన్నాను. సెట్‌టాప్ బాక్సు తిన్నగా టీవీకి, టీవీ నుంచి ఆప్టికల్ వైరు పాత రిసీవరుకి. అంతే, 5.1 తిరిగొచ్చింది. పనిలో పనిగా సెంటర్ స్పీకరు లెవెల్ మూడు డెసిబెల్స్ పెంచాను.

మా నాన్నకి డెబ్భై నాలుగేళ్ళు. ఏడాదిగా సినిమా మధ్యలో లేచి తన గదిలోకెళ్ళిపోతున్నారు. నిద్రొస్తోందేమో అనుకునేవాణ్ణి. ఆ రాత్రి చివరిదాకా కూర్చున్నారు. "ఒరేయ్, ఇవాళ మాటలు తెలుస్తున్నాయిరా" అన్నారు. తొమ్మిది ఛానళ్ళ గురించి అంత చెప్పిన షోరూంలో, ఇంట్లో ఎవరికి ఏం వినిపించట్లేదని ఒక్కరూ అడగలేదు. అడగాలని నాకూ తోచలేదు. సిగ్గుపడాల్సింది వాళ్ళొక్కళ్ళే కాదు.

"మరి అట్మాస్ సంగతేంటి గురూ?" అంటారు. నిజమే, ఆప్టికల్ వైర్లో అట్మాస్ రాదు. కావాలంటే కొత్త రిసీవరే కొనాలి. కానీ పైన స్పీకర్లు ఎక్కడ పెడతారు? పైకప్పుకి తగిలి కిందకి దిగాల్సిన శబ్దం మన ఫాల్స్ సీలింగ్ మెట్లకీ, ఫ్యాను రెక్కలకీ తగిలి ఏమవుతుందో ఆలోచించండి. సీలింగులో వైర్లు వేసుకునే ఓపికుంటే నిరభ్యంతరంగా కొనుక్కోండి. ప్రొజెక్టరు ఉన్నవాళ్ళకీ హెచ్‌డీఎంఐ స్విచింగ్ కావాలి, ఒప్పుకుంటా.

నిజంగా ఆంప్లిఫయరే పోయి కొత్తది కొనాల్సొస్తే నా లెక్క ఇది. బొమ్మ పని టీవీకి వదిలేయండి. ప్లేస్టేషనూ, ఫైర్ స్టిక్కూ అన్నీ టీవీకే పెట్టి, ఈ-ఆర్క్ ద్వారా ఒకే వైరు రిసీవరుకి తెచ్చుకోండి. అప్పుడు ఎయిట్-కే వచ్చినా, సిక్స్‌టీన్-కే వచ్చినా మీ రిసీవరుకి బాధ లేదు. వాట్లు చూడాలంటే రెండు ఛానళ్ళూ నడుస్తుండగా 8 ఓముల దగ్గర, 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా ఇచ్చిన అంకె ఒక్కటే చూడండి. ప్రీ-అవుట్లు ఉన్నాయా, మైకు పెట్టి గది శబ్దాన్ని సరిదిద్దే సదుపాయం ఎలా ఉంది, స్పేర్ బోర్డులు ఎన్నేళ్ళు దొరుకుతాయి.. ఇవి అడగండి. అమెరికా నుంచి చవగ్గా తెస్తామనే బావమరుదులున్నవాళ్ళు వెనకాల 120 వోల్టులని రాసుందేమో చూసుకోండి. మన 230కి పెడితే పొగే.

చివరి ప్రశ్నకి షోరూంలో జవాబు దొరకదు, నాకు తెలుసు. కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబర్లో రైట్ టు రిపేర్ పోర్టల్ పెట్టింది. పోర్టల్ పెడితే బోర్డు పుట్టదు. అడిగేవాళ్ళుండాలి. అడగడం మానేసి ఎక్స్‌ఛేంజ్ ఆఫర్లకి క్యూ కట్టేది ఎవరో కాదు, మనమే.

కార్డు తీసే ముందు ఒక్కసారి ఎఫ్ఎం పెట్టి చూడండి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే వాళ్ళకేం వినిపిస్తోందో కూడా అడగండి.